జెర్రికి కాళ్ళన్నీ ఒక పక్కేనా?

పెనుకొండలో ఇంటి నుంచే పని చేస్తుంటాను. బోరు మోటార్లను ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే బోర్డులు మా కంపెనీవి. ఆ బోర్డు సర్క్యూట్ బొమ్మలో ఒక చిప్పుకు పిన్నులు ఎటు పెట్టాలన్న దాని మీద ఈ రోజు వీడియో కాల్‌లో పెద్ద వాదనే జరిగింది. అవతల ధర్మవరం నుంచి మా టీం లీడ్ సురేష్ అన్న.

సిగ్నల్ లోపలికొచ్చే పిన్నులు ఎడమవైపు, బయటికి పోయేవి కుడివైపు ఉంటే బొమ్మ సులభంగా అర్థమవుతుందని నేనన్నాను. ఈ చిప్పులో ఒకటీ రెండూ తప్ప అన్నీ బయటికి పోయేవే కాబట్టి, నా బొమ్మలో పిన్నులు దాదాపు అన్నీ కుడివైపుకే చేరాయి.

"అసలు చిప్పుకు రెండు పక్కలా కాళ్ళుండాయి, ఏ కాలు యాడుంటే ఆడే పెట్టప్పా" అని ఆయన పట్టు. ఆయన సరే అనకపోతే రేపు ఆదివారం కూడా కూర్చుని మళ్ళీ గీయాలి.

అంతలో మా అవ్వ బొరుగుల గిన్నెతో వచ్చి, స్క్రీన్ మీదికి వంగి చూసింది.

"ఇదేం జెర్రప్పా? కాళ్ళన్నీ ఒక పక్కకే ఉండాయి. ఎట్ల నడుస్తాది పాపం?"

"చూసినావా, అవ్వ నా పక్కే!" అని సురేష్ అన్న కుర్చీలోంచి లేచాడు.

"జెర్రి కాదవ్వా, మోటరు నడిపే చిప్పు" అన్నాను.

"మోటరుదా? మోటరుకు కాళ్ళెందుకప్పా? అన్నీ పీకెయ్."

సురేష్ అన్న నవ్వి నవ్వి పొలమారి, దగ్గుతూనే, "నీ ఇష్టమొచ్చినట్లే పెట్టుకోప్పా. అవ్వ చెప్పినట్ల మాత్రం చేయొద్దు" అని కాల్ కట్ చేశాడు.

నా ఆదివారం నాకు దక్కింది. అంత చెప్పినా ఒక్క కాలూ పీకలేదని అవ్వ మాత్రం అలిగింది. సర్క్యూట్లు గీసేవాళ్ళు చెప్పండి, మీరు మా ముగ్గురిలో ఎవరి పక్క?