కట్టు కింద నల్లబడ్డ చెయ్యి

ఆ పొద్దున బొటనవేలిని చూపుడువేలి గణుపు మీద ఆనించాను. లెక్క మొదలుపెట్టడానికి నాకు అదే అలవాటు. బడికి పోనివాణ్ని, గణుపులే నా పలక. వేలు ఆనడం కంటికి కనబడింది గాని గణుపుకు తెలియలేదు. గిచ్చి చూశాను. నొప్పి లేదు. అప్పటిదాకా నిప్పులో పెట్టినట్టు మండిన చెయ్యి ఊరుకుంది. ఇంట్లోవాళ్ళు దేవునికి స్తోత్రం అన్నారు. నాకు మాత్రం లెక్క కుదరలేదు. విరిగిన ఎముక అంత తొందరగా నొప్పి మానదు.

చెయ్యి విరిగిన సంగతి ముందు చెప్పాలి. మాది కోదాడ పక్కన అనంతగిరి. కళ్ళంలో వడ్లరాశి చుట్టూ నడిచి, ఎత్తు చూసి, ఎన్ని బస్తాలవుతాయో చెప్పడం నా పని. సంస్థానం చివరి రోజులవి. తుపాకుల మూకలు ఊళ్ళ మీద పడి వడ్లు ఎత్తుకుపోయేవి. అందుకని జనం నేలలో పాతర్లు తవ్వి, వడ్లు పోసి, పైన మట్టి కప్పేవాళ్ళు. ఏ పాతర ఎక్కడుందో నాకు తెలుసని ఎవరో చెప్పారు. మూక తిన్నగా కళ్ళంలోకే వచ్చింది.

"పాతర్లు సూపెడ్తవా, నిన్నే పాతరెయ్యమంటవా?" అన్నాడు వాళ్ళ పెద్ద.

"నా తాన లెక్కలే ఉంటయి దొరా, వడ్లు ఉండవు."

"ఏ చేత్తోని కడ్తవ్ లెక్క?"

ఇద్దరు నన్ను వెనక నుంచి పట్టుకుని, కుడిచేతిని బండిచక్రం ఆకు కర్రల మధ్య దూర్చారు. వాళ్ళ పెద్ద తుపాకి మడమతో కొట్టాడు. మొదటి దెబ్బకు ఎముక విరిగిన చప్పుడు విన్నాను. రెండోది అక్కడే పడింది. అడ్డం వచ్చిన కళ్ళం రైతును నిలబడ్డచోటే కాల్చారు. అతని రక్తం రాశిలోకి ఇంకింది. ఆ వడ్లను కూడా వదలకుండా ఎత్తుకుపోయారు.

ఎముకలు కట్టే పెద్దాయన వెదురుబద్దలు పెట్టి, గుడ్డుసొనలో మినపపిండి కలిపి, గుడ్డ తడిపి మోచేతి నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా బిగించి చుట్టాడు. ఆరితే అది రాయి. లోపల చెయ్యి వాస్తుంది, రాయి జరగదు. "అతుకు పడేదాక ఇప్పొద్దు" అని చెప్పిపోయాడు. మా సంఘం ఉపదేశి యాకోబు వచ్చి, ఆ కట్టు మీద నూనె పోసి ప్రార్థించాడు. సంఘమంతా ఉపవాసం పట్టింది. ఆదివారం చర్చిలో అందరి ముందు కట్టు విప్పి సాక్ష్యం చెప్పాలని తీర్మానమైంది. వైద్యుని కట్టు అలా మొక్కు కట్టు అయింది. దాన్ని ముట్టడమే అవిశ్వాసం.

చేతికి స్పర్శ పోయిన ఆ పొద్దునే మా వాకిట్లో ప్రార్థన కూటం. నా భార్య మరియమ్మ నా గోరు నొక్కి చూసింది. వాసన చూసింది. లేచి నిలబడింది.

"అయ్యగారూ, గోర్లు నల్లబడ్డయ్. కట్టు ఇప్పుతున్న."

"ఆదివారం ఎంత దూరమున్నదమ్మా? ఇప్పుడు ఇప్పితే ఇందరి ఉపాసం బూడిదల పోసినట్టయితది. జర విశ్వాసం పెట్టు" అన్నాడు యాకోబు.

"విశ్వాసం నాకూ ఉన్నది. సమాధిల నుంచి చచ్చినోన్ని లేపింది ప్రభువే. గాని లేచినోని ఒంటి కట్లు ఇప్పుమని ఎవరికి జెప్పిండు? గాడ నిలబడ్డ మనుషులకు గాదా?"

జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయి కొడవలి తెచ్చింది. నా భుజం మీద మోకాలు పెట్టి, బద్దల సందున కొడవలి మొన దూర్చి లాగింది. కట్టుతో పాటు తోలు కూడా ఊడింది. కింద ఉన్నది నా చెయ్యి కాదు, కమిలిన వంకాయ. వాసనకు ముందు వరుసవాళ్ళు లేచిపోయారు. యాకోబే పోయి బండికి ఎడ్లను కట్టాడు.

సూర్యాపేట దవాఖానకు బయలుదేరాం. దారిలో ఒక పల్లె ఇంకా కాలుతూనే ఉంది. తుమ్మచెట్టుకు ఇద్దరు వేలాడుతున్నారు. యాకోబు ఎడ్లను తోలుతూ, కళ్ళు తెరిచే ప్రార్థన చేశాడు. ఒకచోట తుపాకులవాళ్ళు ఆపారు. నా చేతికి చుట్టిన గుడ్డలో తూటాలు దాచామని ఒకడు యాకోబును కిందికి లాగి తన్నాడు. ఇంకొకడు కత్తిమొనతో నా గుడ్డ చీల్చాడు. చూసి, పక్కకు తిరిగి కక్కుకున్నాడు. "పోండ్రి, పోండ్రి" అన్నాడు.

డాక్టరమ్మ కోస్తా మనిషి. నా వేళ్ళు నొక్కి, "ఫ్రాక్చర్ సంగతి తర్వాత. ముందు సర్క్యులేషన్ లేదు. గ్యాంగ్రీన్ మొదలైంది" అంది. "ఇంకో రోజు ఆగివుంటే మోచేతి పైదాకా చెయ్యి తీసేసేదాన్ని." క్లోరోఫాం ఇచ్చి, వాపు దిగడానికి ముంజేతిని నిలువునా కోసింది. మెలకువ వచ్చేసరికి చిటికెన వేలు, ఉంగరం వేలు లేవు. తర్వాత సెప్టిక్ జ్వరం వచ్చింది. పెన్సిలిన్ దొరకలేదు. దొరికేలోపు రెండోసారి కోసి కుళ్ళు తీశారు.

బతికాను గాని, మిగిలిన వేళ్ళు డేగ గోళ్ళలా ముడుచుకున్నాయి. "ఎక్సర్‌సైజ్ చెయ్యకపోతే అట్లాగే ఉండిపోతాయి" అంది డాక్టరమ్మ.

"ప్రార్థన చేస్తున్నమమ్మా" అన్నాను.

"మానొద్దు. కానీ వేళ్ళు మీరే చాచాలి. ఆ పని నేనూ చెయ్యలేను."

ఎంతసేపు చాచి పట్టాలి? వార్డులో గడియారం లేదు. మరియమ్మ కొలత కనిపెట్టింది. ప్రభువు నేర్పిన ప్రార్థన నేను మొదలుపెట్టగానే వేళ్ళను వెనక్కి విరుస్తుంది. ఆమెన్ అన్నాకే వదులుతుంది. నేను అరిచేవాణ్ని. పక్క మంచంలో తూటా దెబ్బ తిన్న మనిషి ఒకడుండేవాడు. "జర మెల్లగ మొత్తుకో అన్నా, నా తూటా బెదిరి ఇంకింత లోపలికి పోతది" అనేవాడు.

ఆ ప్రార్థనలో, మాకు కీడు చేసినవాళ్ళను క్షమిస్తున్నాం అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఆ బండిచక్రం, ఆ తుపాకి మడమ కళ్ళకు కట్టేవి. ఆ మాట నోరు దాటేది కాదు. దాన్ని వదిలేసి గబగబా ముందుకు పోయేవాణ్ని.

"ఆ ముక్క మింగినవ్. మళ్ళా మొదటికెల్లి" అనేది మరియమ్మ, వేళ్ళు వదలకుండా.

"నీకేం, నొప్పి నాది!"

"చెయ్యి నీదే. అందుకే జెప్తున్న."

ఒకసారి కోపంతో, ప్రార్థన లేకుండా నేనే బలం కొద్దీ విరిచాను. కుట్లు తెగి మంచమంతా రక్తమైంది. మళ్ళీ వారాల వెనక్కి పోయాను. ఆ తర్వాత కొలత దాటలేదు. క్షమించే మాటను మొదట పళ్ళ బిగువున అన్నాను, పిదప ఏడుస్తూ అన్నాను. మనసారా అన్నానని ఈనాటికీ చెప్పలేను. కాని పూర్తిగా అన్నాను. పూర్తిగా అన్నన్నిసార్లు వేళ్ళు కొంచెం కొంచెంగా సాగాయి.

ఇప్పుడు మేము మిర్యాలగూడలో ఉంటున్నాం. ధాన్యం కొట్ల దగ్గర మళ్ళీ రాశుల లెక్క చెబుతున్నాను. మూడు వేళ్ళతో అన్నం కలుపుకుంటాను, చొక్కా గుండీ పెట్టుకుంటాను. చలికి ఎముక సలుపుతుంది. నన్ను బాగుచేసింది ప్రార్థనా, కొడవలా, డాక్టరమ్మ కత్తా అని కొందరు అడుగుతారు. కూడిన మొత్తం నుంచి ఒక్క అంకెను విడదీసి చూపడం నాకు రాదు.

చదివేవాళ్ళకు ఒక్క మాట. ఎవరికైనా ఎముక కట్టిస్తే వేళ్ళ కొసలు బయటికి ఉంచమనండి. పొద్దున, సాయంత్రం గోరు నొక్కి వదలండి. తెల్లబడ్డ గోరు వెంటనే ఎర్రబడాలి. ఎర్రబడకపోతే, ఉన్న నొప్పి ఉన్నట్టుండి ఆగిపోతే, ఏ ఆదివారం కోసమూ చూడకండి. కట్టు కోసి, ఎడ్లను కట్టండి. దవాఖాన దూరమే. ప్రార్థనకు దారి పొడవునా సమయం ఉంటుంది.