ఎదురు బండి కోసం ఆగిన స్టేషను

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, ఒక నవంబరులో, కోల్‌కతా సాల్ట్ లేక్‌లోని మా పర్యాటక సంస్థ నన్ను జపాన్ బృందానికి టూర్ మేనేజరుగా వేసింది. పద్దెనిమిది మంది ప్రయాణికులు, అక్కడి గైడు ఒకావిడ, నేను. ఊళ్ళు చూపించి వాటి చరిత్ర చెప్పడం గైడు పని. టికెట్లు, గదులు, తలల లెక్క మేనేజరువి. బండి ఆగిన ప్రతిచోటా, తలుపులు మూసే ముందు, మనుషుల్ని లెక్క పెట్టుకోవాలి.

తకయామాలో పాత చెక్క ఇళ్ళ వీధి చూసి, కనజావాలోని పురాతన ఉద్యానవనానికి వెళ్ళడానికి ఉదయాన్నే రెండు పెట్టెల పాసింజరు ఎక్కాం. బండి లోయలో నది వెంబడి పోతోంది. నీళ్ళ మీద పొగమంచు. ఎర్రబారిన కొండలు అందులోంచి తేలి, మళ్ళీ మునిగిపోతున్నాయి. ఒంటి లైను కావడంతో, ఎదురు బండికి దారివ్వడానికి ఒక చిన్న స్టేషనులో ఆగాం. తలుపులు తెరుచుకున్నాయి, కాసేపటికి మూసుకున్నాయి. నేను కిటికీలోంచి మంచు వైపే చూస్తూ ఉన్నాను.

పది నిమిషాల తర్వాత రమణమ్మగారు కునుకులోంచి లేచి, "తమ్ముడూ, మీ అన్నయ్య ఏడీ?" అన్నారు.

ఆవిడ భర్త సూర్యనారాయణగారు కోల్‌కతా రేవు పక్కనున్న మెటియాబ్రుజ్ మనిషి, డాకులో క్రేను నడిపి రిటైరయ్యారు. బృందంలో తెలుగువాళ్ళు వాళ్ళిద్దరే. మా నాన్నదీ వాళ్ళ సిక్కోలే కావడంతో నన్ను తమ్ముడనేవారు. రెండు పెట్టెలూ వెతికాను. ఆయన లేరు.

"ఫోను నాకాడే ఉండిపోనాది. గుండె మాత్రా నాకాడే ఉంది. ఇప్పుడేటి సేసేది?"

డ్రైవరు చేత కంట్రోలుకు కబురు పెట్టించి, బృందాన్ని గైడుకు అప్పగించి, రమణమ్మగారితో తర్వాతి స్టేషనులో దిగాను. టాక్సీలో వెనక్కి వెళ్ళినంతసేపూ ఆవిడ మాత్ర పిడికిట్లోనే పట్టుకున్నారు.

సిబ్బంది లేని ఆ స్టేషనులో ఆయన బెంచీ మీద కూర్చుని నది వైపు చూస్తున్నారు.

"ఏటి సూస్తన్నారు?" అంటూ ఆవిడ మాత్ర చేతిలో పెట్టారు.

"ముప్పయ్యేళ్ళు క్రేను మీంచి గంగని సూసినాను. కన్నెప్పుడూ సరుకు మీదే. మంచు ఇలగ లెగడం ఇయ్యాలే సూసినాను. ఓ నిమిషమని దిగితే బండెల్పోనాది." తర్వాత నాతో, "తమ్ముడూ, నానే సెప్పకుండా దిగిపోనానని రిపోర్టుల రాసీ" అన్నారు.

తర్వాతి బండికి నాలుగు గంటల టైముంది. ముగ్గురం అక్కడే కూర్చున్నాం. మంచు కొండ నడుము దాకా లేచి, పలచబడి, విడిపోయింది. దారిలో మారాల్సిన బండి కూడా తప్పిపోయి, కనజావా చేరేసరికి సాయంత్రమై తోట మూసేశారు.

కోల్‌కతా వచ్చాక నివేదికలో, లెక్క పెట్టకపోవడం నా తప్పేనని రాశాను. తర్వాతి జపాన్ బృందాన్ని నాకివ్వలేదు. అది సబబే. ప్రయాణికుడి మైమరపు మీద నెపం వేసి తప్పించుకునే వీలు ఈ ఉద్యోగంలో తరచూ దొరుకుతుంది. కానీ మైమరవడానికే ఆయన అంత దూరం వచ్చారు. నేను వెళ్ళింది అందుకు కాదు.