తెర మీద పగిలిన పత్తి

భద్రాద్రి రాముడి మీద ఒట్టు, మా ఊరి వాగు మీద ఒట్టు, చదివేవాళ్ల మీద కూడా వేద్దును గానీ మీకేమైనా అయితే పాపం నాకు చుట్టుకుంటుంది. ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

మొన్న మా చెల్లెలి కొడుకు సోఫాలో కాళ్లు బార్లా చాపుకుని, పెనంలా వేడెక్కిన ఫోను చేతిలో పట్టుకుని, ఒక పట్నాన్ని బతికిస్తున్నాడు. మంచు కురిసే పట్నం. జనానికి తిండి, పొయ్యికి కట్టెలు, రాళ్లు, మందులు అన్నీ వాడే సర్దాలట. కట్టెలు అయిపోతే ఒక ప్రకటన చూస్తాడు, బండెడు కట్టెలు వచ్చి పడతాయి. తిండి తగ్గితే ఫోనే గంట కొట్టి, ఎక్కడ నొక్కాలో వేలి బొమ్మ వేసి మరీ చూపిస్తుంది. "శానా కష్టం మామా" అని నిట్టూర్చాడు వెధవ. పక్కన పకోడీలు చల్లారిపోతుంటే చూసుకోలేనివాడు పట్నాన్ని ఏలుతున్నాడు!

ఆ కష్టం పడింది మేము, తొంభైలలో, సత్తుపల్లిలో.

మా ఊరు దమ్మపేట దగ్గర. ఒక పక్క అడవి, ఒక పక్క పత్తి. ఎండాకాలం ఇప్పపువ్వు మత్తు వాసన, నాలుక మీద తునికి పండ్ల వగరు, మిరపకల్లాల మీదుగా గాలి మళ్లితే ఊరు ఊరంతా తుమ్ములు. వానాకాలం బడి చూరు కింద చేరి కాల్చిన మొక్కజొన్న కంకులు. చలికాలమంటే మాకు పొద్దున పూట కాసేపు దుప్పటి, అంతే, బడిగంట కొట్టేసరికి చొక్కా విప్పి గోలీలాటకు దిగేవాళ్లం. ఆ చలికాలంలోనే పత్తి పగిలేది. చేలకు చేలు తెల్లబడేవి, దారి పక్క తుమ్మముళ్లకు దూది వేలాడేది, పచ్చి బాలింతలు తప్ప ఊళ్లో ప్రతి మనిషీ ఒడి కట్టుకుని ఏరడానికి పోవలసిందే.

మా పెదనాన్న పుట్టింది కృష్ణా జిల్లాలో. తాత బండెక్కించి ఇటు తెస్తే ఇక్కడి మాట పట్టుకున్నాడు గానీ అక్కడి చుట్ట మాత్రం వదల్లేదు. తనకు తెలియని సంగతి లోకంలో ఒకటుందని ఆయన ఎన్నడూ అనుమానపడలేదు. డాక్టరుకు మందు చెప్పేవాడు, పూజారికి ముహూర్తం చెప్పేవాడు, ఎద్దు తిరిగిన తరవాత ఎటు తిరగాలో దానికి కూడా చెప్పేవాడు. మా నాన్న నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి నా చదువు సంగతి తేల్చేదీ ఆయనే.

పదో తరగతి అయ్యాక సత్తుపల్లిలో మేనత్త ఇంట్లో ఉండి కంప్యూటరు నేర్చుకుంటున్నాను. ఒకరోజు పెదనాన్న ఊడిపడ్డాడు. "నువ్ నేర్చేదేందో సూపియ్. అక్కరకొచ్చేదైతే ఉండు. లేకుంటే మూట కట్టు, చేను కాడ మనిషి లేడు."

నాకు వచ్చిందల్లా ఒక ఆట. కంప్యూటరు నేర్పే మా జోసెఫ్ సారు ప్రార్థనకు పోయినప్పుడల్లా దొంగతనంగా ఆడేవాణ్ని. ఒక పల్లె, నాలుగు ఇళ్లు, చుట్టూ అడవి. జనం చావకుండా ఏడాది గడపాలి. "ఇది ఊరు నడిపే చదువు పెదనాన్నా" అని నమ్మించాను. సారు లేని వేళ చూసి కంప్యూటరు గదికి తీసుకుపోతే, ఆయన గుడికి వచ్చినట్టు నల్లా కింద కాళ్లు కడుక్కుని, చుట్ట చెవి మీద పెట్టుకుని, కూలరు తడిగడ్డి వాసన పీలుస్తూ నా కుర్చీలో కూర్చున్నాడు. నేను పక్కన నిలబడి మీటలు నొక్కాలి.

"గా చెట్లు కొట్టేటోడెవడ్రా?"

"కట్టెల కోసం, పెదనాన్నా."

"పర్మిషనుందా? ఫారెస్టోళ్లొస్తే ఠాణాకు నువ్ పోతవా? ఆపు!"

ఆపాను. గాదెలో గింజలు రేటు వచ్చేదాకా ముట్టొద్దన్నాడు. జనం సగం కడుపుతో పనిచేశారు. ఎండాకాలానికి నీళ్లుండవని ఊరి నిండా బావులు తవ్వించాడు. ఉన్న నాలుగు దుంగలూ వాటి గట్లకే పోయాయి. చెట్ల ఆకులు రాలాయి. అంతకు మించి నేను ఎన్నడూ ఆడలేదు, రోజూ సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయేది. దిక్కుమాలిన కరెంటు, ఆ రోజు పోలేదు. తెర మెల్లగా తెల్లబడింది.

పెదనాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "పత్తి పగిలిందిరో! జల్దీ అందర్నీ పంపు!"

"ముసలోళ్లను గూడనా?"

"కూసోని ఏరుతరు. పొయ్యి కాడోళ్లను లేపు ముందు!"

నాకూ పత్తిలాగే ఉంది. మంచు మా వంశంలో ఎవరు చూశారు గనక? అందరినీ బయటికి తోలాను. ఒక్కొక్కరే తెల్లటి చేలోకి నడిచి అక్కడే పడుకున్నారు. "పని దొంగలు! ఏరకముందే పండుకున్నరు" అని పెదనాన్న పళ్లు నూరుతుంటే జోసెఫ్ సారు తిరిగొచ్చాడు.

"అది పత్తి కాదు పెద్దాయనా, మంచు. చలికి అందరూ సచ్చిపోయిండ్రు."

పెదనాన్న తెరను చూశాడు, సారును చూశాడు, చివరికి నన్ను చూశాడు. "తలకు రుమాళ్లన్న ఇయ్యకుంట పంపినవేందిరా?"

తప్పు నాది! అయినా ఓడిపోయి ఊరికి పోయే మనిషి కాదు. "నువ్ ఈడనే ఉండు, మళ్ల నడుపుదం" అని, ఆదివారం ఆదివారం మురుకుల డబ్బాతో వచ్చి, చలి దాటేదాకా ఆ ఊరిని నడిపి, దమ్మపేట టీకొట్టులో తానే ఒక పట్నాన్ని బతికించానని మీసం దువ్వాడు.

ఇప్పుడా కంప్యూటరు గది లేదు, ఆ చోట ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. మా చేలలో పామాయిలు తోటలు లేచాయి. ఏ కాలంలోనైనా ఒకటే రంగు, ఏరడానికి ఊరంతా కదలాల్సిన పని లేదు. పెదనాన్న కూడా లేడు.

ఒట్టు వేశాను కాబట్టి కల్పించింది ఏదో చెప్పాలి. పత్తి నిజం, బావులు నిజం, రుమాళ్లు నిజం. ఆ ఆదివారాలే నావి. ఆ సాయంత్రమే నా మూట కట్టించి బస్సెక్కించాడు. నేను ఏడుపు కనబడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాను, ఆయన ఆరిన చుట్టను వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. దమ్మపేట దీపాలు కనబడుతుండగా నా వైపు వంగి, ముందు సీటు వాళ్లకు వినబడకుండా అడిగాడు.

"నిజంగ మనుషులు సచ్చేటంత చలి ఉంటదారా యాడనన్న?"

"ఏమో పెదనాన్నా" అన్నాను.