అత్తగారు కొరికిన కోడికాలు

మా అత్తగారు ఎవరు ఎదురుపడినా మొదట అడిగే మాట ఒక్కటే. "ఏం తిన్నావు?"

బాగున్నావా అనడం లేదు, ఎప్పుడొచ్చావు అనడం లేదు. ఎదుటి మనిషి పొట్టలో ఏముందో తేలాకే మిగతా కబుర్లు. ఆవిడ నాకు పిల్లనిచ్చిన అత్తగారు కాదని ఇక్కడే చెప్పెయ్యాలి, లేకపోతే ఇది చదివి మా ఆవిడ ఊరుకోదు. ఈవిడ టీవీ సీరియల్లో అత్తగారు. పదకొండేళ్లుగా రోజూ సాయంత్రం ఏడున్నరకి వచ్చి, ముగ్గురు కోడళ్లని ఏడిపించి, ఎనిమిదింటికి వెళ్లిపోయే గయ్యాళి. ఆ ముఖానికి రంగు వేసేది నేను. కనుబొమల కొసలు పైకి లాగి, పెదవుల చివర్లు కిందికి దించితే గయ్యాళి తయారు. ఇరవై నిమిషాల పని. ఆ ఇరవై నిమిషాలూ నేను ముందు రోజు తిన్నదానికి సంజాయిషీ చెప్పుకుంటూ ఉంటాను.

"నిన్న ఏం తిన్నావు?"

"ఏదో... కొంచెం చేప అండి."

"కొంచెం చేప ఉండదు నాయనా. చేప అంటే మొత్తం చేపే. నీ పళ్లెంలోకి రాక ముందు అది ఎక్కడికో బయల్దేరి ఉంటుంది. దారిలో నువ్వు తగిలావు."

ఆ తర్వాత వారం రోజులు నేను చేప వంక చూడలేకపోయాను. చేప కూడా నా వంక అనుమానంగా చూస్తున్నట్టు ఉండేది.

తెర మీద కోడళ్లని జుట్టు పట్టుకుని ఈడ్చే ఈ మనిషి, బయట మాంసం ముట్టి ఇరవై మూడేళ్లయింది. ఊరి చివర ముసలి గుర్రాలకీ, కుంటి కుక్కలకీ నీడనిచ్చే ఆశ్రమం ఒకటుంది. దాన్ని నడిపే జంతు రక్షణ సంఘానికి పోస్టర్ల మీద ఆవిడ ముఖమే. గయ్యాళి అత్తగారు వేలు చూపించి "కూరగాయలు తినండి" అంటే ఎవరికైనా భయమేస్తుందని వాళ్ల లెక్క. లెక్క తప్పలేదు. మా పక్కింటాయన ఆ పోస్టరు చూసి రెండు నెలలు మాంసం మానేశాడు. భక్తితో కాదు, బెదిరిపోయి.

ఒకసారి పెద్ద అవార్డు సభ. దేశమంతా ప్రాణం పెట్టే ఆటగాడొకడు ఆవిడకి బహుమతి ఇవ్వడానికి వేదికెక్కాడు. ఆవిడ దాన్ని అందుకుని, మైకు ముందే అడిగింది. "ఏం తిన్నావు బాబూ?"

పాపం ఆ కుర్రాడికి మా యూనిట్ రహస్యం తెలీదు. ఉన్నమాట చెప్పేశాడు. "మేక మాంసం అండి."

ఇక చూడండి. ఆ మేక పుట్టుక, బాల్యం, కొండ మీద గెంతిన రోజులు, ముద్దుగా ఉండే దాని ఇద్దరు చెల్లెళ్లు, అన్నీ వచ్చాయి. కోట్లమంది చూస్తుండగా ఆటగాడు కళ్లు తుడుచుకున్నాడు. మరుసటి వారం అతను ఆశ్రమానికి వచ్చి ఒక గుర్రానికి స్నానం చేయించి, అక్కడి పోస్టరుకి ఫోటో కూడా దిగి వెళ్లాడు. ఆ గుర్రం ఇప్పటికీ ఎవరు నీళ్లు పోసినా మొహం తిప్పుకుంటుంది, అలవాటు చెడింది.

మా యూనిట్ రహస్యం అన్నాను కదా, అది బీన్స్. అత్తగారు అడిగితే తడుముకోకుండా "బీన్స్" అనెయ్యాలి. లైటు వాళ్లు, సౌండు వాళ్లు, డ్రైవర్లు, అరవై మంది అరవై ప్లేట్ల బీన్స్ తిని వచ్చేవాళ్లు. పంట మొత్తం మాకే సరిపోవాలి. ఆవిడ తెలివితక్కువదేం కాదు. ఒకరోజు సీరియల్లో పెద్దకొడుకు వేషం వేసే నటుడు నోరు తుడుచుకుంటూ వచ్చి, "బీన్స్ తిన్నానమ్మా" అన్నాడు.

"సంతోషం నాయనా. మీసంలో ఆ బీన్స్ తాలూకు ఎముక ఇరుక్కుంది, తీసుకో."

ఇంత నిష్ఠ గల మనిషికి సీరియల్లో తిండి సీన్లంటే ఎంత చిక్కో ఊహించండి. గయ్యాళి అత్తగారు కోడికాలు పీక్కు తింటూ తిడితేనే గయ్యాళితనం పండుతుందని మా డైరెక్టరు నమ్మకం. అందుకని మొదట్లోనే ఆవిడ ఒప్పందంలో ఒక షరతు రాయించింది. తన పళ్లెంలోకి నిజం మాంసం వస్తే, పెట్టినవాణ్ణి ఆ రోజే పనిలోంచి తీసెయ్యాలి. నిర్మాత సంతకం పెట్టాడు. ఆయన అసలే మాట కోసం మనిషిని తీసేసే రకం, ఇక కాగితం మీద ఉంటే చెప్పాలా.

ఆ భారమంతా ప్రాప్స్ బాబాయి మీద పడింది. సీన్లో కనిపించే గిన్నె నుంచి గొడుగు దాకా అన్నీ సమకూర్చేది ఆయనే. బంగాళదుంపలు ఉడికించి, బ్రెడ్డు కలిపి మెదిపి, కర్రపుల్ల చుట్టూ కాలు ఆకారంలో అద్ది, నూనెలో ఎర్రగా వేయించి, పైన పాకం పూసేవాడు. నిజం కోడి వచ్చి చూసినా తన కాలేనేమోనని కిందికి చూసుకునేది. పెద్దకొడుకు పళ్లెంలో మాత్రం నిజమైనది పెట్టేవాడు. రెండూ కలిసిపోకుండా దుంపకాలు పుల్లకి ఆకుపచ్చ దారం కట్టేవాడు. పదకొండేళ్లలో వందల కాళ్లు చేశాడు, ఒక్కటీ తప్పలేదు.

తప్పింది ఒకే ఒక్కరోజు. పెద్ద సీను. అత్తగారు భోజనాల బల్ల దగ్గర కోడికాలు కొరుకుతూ చిన్నకోడల్ని ఇంట్లోంచి పొమ్మనాలి, ఒకటే షాటులో, నాలుగు నిమిషాల డైలాగు. ఎనిమిదిసార్లు చెడింది. ఒకసారి లైటు పోయింది, ఒకసారి చిన్నకోడలికి నవ్వొచ్చింది. నిర్మాత కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు, గడియారం చూసుకుంటూ. తొమ్మిదోసారికి బాబాయి కొత్త పళ్లాలు తెచ్చి పెట్టాడు. అత్తగారు కాలు అందుకుంది, కొరికింది.

నేను కెమెరా పక్కనే దువ్వెన పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ కళ్లలో నీళ్లు తిరగడం చూశాను. దవడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత నమిలింది, మింగింది, డైలాగు మొత్తం చెప్పింది. అంత ఉగ్రంగా ఆవిడ ఎప్పుడూ తిట్టలేదు. చిన్నకోడలు నిజంగానే ఏడ్చేసింది. సెట్టంతా చప్పట్లు కొట్టింది. పెద్దకొడుకు మాత్రం తన పళ్లెం నాకుతూ, "ఇవాళ చికెన్ భలే మెత్తగా ఉంది" అన్నాడు.

మేకప్ గదిలో ఆవిడ ఆరుసార్లు నోరు పుక్కిలించింది. ఆరుసార్లూ నేను లిప్‌స్టిక్ వెయ్యాల్సి వచ్చింది.

"ఏమైందండీ?"

"ఉల్లిపాయ ఘాటు. నువ్వు నీ పని చూడు."

సంగతి అక్కడితో పోవాల్సిందే. కానీ మా యూనిట్లో కంటిన్యూటీ అమ్మాయి ఉంది. ఒక షాటుకీ ఇంకో షాటుకీ మధ్య గ్లాసులో నీళ్లు పెరగకుండా, పళ్లెంలో తిండి తరగకుండా ప్రతిదీ ఫోటో తీసి పెట్టుకోవడం ఆమె పని. సీను ప్రసారమై దేశమంతా మెచ్చుకునేసరికి, ముచ్చటపడి ఆ రోజు ఫోటో ఒకటి ఇంటర్నెట్టులో పెట్టింది. అత్తగారి పళ్లెం, అందులో కొరికిన కాలు. చూసేవాళ్లు దాన్ని పెద్దది చేసి చూశారు. పుల్ల లేదు, దారం లేదు. గుండ్రటి తలతో నిఖార్సైన ఎముక ఉంది.

ఇంకేముంది, గుప్పుమంది. "చెప్పేది కూరగాయలు, కొరికేది కోడి" అని ఊరంతా ఒకటే గోల. మా పక్కింటాయన ఆ సాయంత్రమే అరకిలో మాంసం తెచ్చి, రెండు నెలల కసి తీర్చుకున్నాడు.

మర్నాడు బాబాయి మేకప్ గదిలోకి వచ్చి తలుపేశాడు. మనిషి తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. "ఒరే, పళ్లాలు తారుమారు చేసింది నేనేరా. మీ పిన్నికి ఆపరేషను. రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉండి నేరుగా షూటింగుకి వచ్చాను. దారం కనిపించలేదో, చూడలేదో కూడా నాకు తెలీదు. ఇప్పుడు చెబితే ఉద్యోగం పోతుంది. ఆసుపత్రి ఖర్చు కంపెనీయే చూస్తోంది, అదీ పోతుంది. చెప్పకపోతే ఆవిడ పరువు పోతుంది. ఏం చెయ్యమంటావు?"

 అత్తగారితో చెప్పేస్తానని లేస్తే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆవిడకి ఆ రోజే తెలుసురా. నన్ను చూసి, కళ్లతోనే ఊరుకోమంది."

ఆ వారమే సంఘంవాళ్లు కొత్త పోస్టరు విడుదల పెట్టుకున్నారు. సంఘం కార్యదర్శి చాలా గట్టి మనిషి, ఆవిడ ఉన్న గదిలో దోమ కూడా భయం లేకుండా తిరుగుతుంది. "అది చెక్కతో చేసిన ఎముక అని ఒక్క మాట చెప్పండి, పోస్టరు వేస్తాం. లేదంటే మీ ముఖం తీసేసి ఏ ఆటగాడి ముఖమో పెట్టుకుంటాం" అని తేల్చేసింది. నిర్మాత కూడా అదే సలహా ఇచ్చాడు. చెక్క అనడానికి నాలుగు అక్షరాలు కూడా అక్కర్లేదు. కానీ ఎదుటివాడి మీసంలో ఎముక చూపించిన మనిషి అబద్ధం ఎలా ఆడుతుంది?

సభ ఆశ్రమం షెడ్డులోనే. ముందు వరసలో విలేకరులు, వాళ్ల వెనక మా యూనిట్, మా వెనక గుర్రాలు. మొదటి ప్రశ్నే అది. ఒక విలేకరి లేచి, ఇరవై మూడేళ్లుగా ఆవిడ లోకాన్ని అడిగే ప్రశ్న ఆవిడకే వేశాడు.

"మేడమ్, ఆ రోజు మీరేం తిన్నారు?"

"కోడి" అంది అత్తగారు.

షెడ్డులో గుర్రం నమలడం వినిపించింది.

"ఒక్క కొరుకు. మింగేశాను. ఆ కోడికి క్షమాపణ చెప్పుకున్నాను, మీకూ చెబుతున్నాను."

నిర్మాత లేచాడు. "పళ్లెంలో పెట్టిందెవరో చెప్పండి. ఒప్పందంలో షరతు ఉంది."

"ఆ షరతు రాయించింది నేను. అప్పుడు నాకు జంతువుల మీద ప్రేమ ఎక్కువ, బుద్ధి తక్కువ. ఇప్పుడు కొట్టేస్తున్నాను."

"మరి అక్కడే ఉమ్మెయ్యలేదేం?" అన్నాడు విలేకరి.

"ఎదురుగా ఈయన కూర్చున్నారు కదా. ఉమ్మితే ఒక మనిషి ఇంటికెళ్లాలి. ఆ రోజు పొద్దున ఆ మనిషిని ఏం తిన్నావని అడిగాను. నిన్నటినుంచి ఏమీ తినలేదన్నాడు. తినమని నా డబ్బా ఇచ్చాను, మొహమాటపడి పక్కన పెట్టుకున్నాడు. కూర్చుని తినిపించాల్సింది, మేకప్‌కి టైమైందని వచ్చేశాను. ఆకలితో ఉన్నవాడికి పళ్లెం తారుమారైతే తప్పెవరిది? కోడి ఎలాగూ పోయింది. ఆ మనిషి ఉద్యోగం కూడా పోతే, అందులో కోడికి కలిసొచ్చేదేముంది?"

వెనక వరసలో బాబాయి లేచి నిలబడ్డాడు. "నేనేనండీ" అన్నాడు. అంతకంటే ఏం చెప్పినా వినపడేది కాదు. మా లైటు వాళ్లు మొదలుపెట్టిన చప్పట్లు గుర్రాలు బెదిరేదాకా ఆగలేదు. నిర్మాత, నలుగురూ చూస్తున్నారని, తనే ముందు చప్పట్లు కొట్టినట్టు మొహం పెట్టాడు.

అప్పుడు నాకు అర్థమైంది. తిన్నామన్న వాళ్లకే ఆవిడ పాఠం చెప్పేది. తినలేదన్న వాళ్లకి ఏం జరిగేదో మేం ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు, నామోషీ కొద్దీ. నేను ఇంట్లో పోట్లాడి ఖాళీ కడుపుతో వచ్చిన రోజున, పాఠం లేకుండా సగం డబ్బా నా ముందుకి జరిగింది. ఇవాళ తప్పించుకున్నానని మురిసిపోయాను. ఆ సభ నుంచి తిరిగొస్తూ వ్యానులో మాట్లాడుకుంటే, డ్రైవరుకి ఒక కథ, సౌండు అతనికి ఒక కథ, చిన్నకోడలికి మూడు కథలు. ఇంతకాలం ఆవిడ మా పళ్లాలు తనిఖీ చేస్తోందనుకున్నాం. పస్తున్నదెవరో వెతుక్కుంటోందన్నమాట. సిగ్గేసింది, ఆనందమూ వేసింది.

కార్యదర్శి పోస్టరు మార్చలేదు. సెట్లో పొద్దుట్నుంచి పేకప్ దాకా పెద్ద గిన్నెతో కూరగాయల సూపు, పక్కన బ్రెడ్డు పెట్టించారు. అడిగేవాళ్లు లేరు, ఎవరికి కావాలంటే వాళ్లు తాగొచ్చు. పెద్దకొడుకు ఆ రోజు మెత్తగా ఉందని నాకింది దుంపకాలని తెలిశాక, తనకీ అవే చెయ్యమన్నాడు. ఇప్పుడు నిజంగానే బీన్స్ తిని వచ్చి బీన్స్ అంటున్నాడు, మేమే నమ్మడం లేదు.

పిన్ని కోలుకుని ఇంటికొచ్చింది. బాబాయికి మాత్రం ఆ భయం పోలేదు. దారాన్ని నమ్మడు. అత్తగారి పళ్లెంలో పెట్టే ముందు ప్రతి దుంపకాలూ తనే ఒక కొరుకు కొరికి, దుంపేనని తేల్చుకుని మరీ పెడతాడు. ఒక కొరుకుతో అనుమానం తీరకపోతే రెండో కొరుకు. పళ్లెం బల్ల మీదికి చేరేసరికి సగం కాలే మిగులుతుంది. కంటిన్యూటీ అమ్మాయి నెత్తి కొట్టుకుంటుంది, "షాటు మొదలవ్వకముందే కాలు అయిపోతే ఎలా అండీ" అని.

అత్తగారు ఆ సగం కాలునే, కొరికిన వైపు కెమెరాకి కనపడకుండా తిప్పి పట్టుకుని, కనుబొమలు పైకెత్తి, గయ్యాళి ముఖం సర్దుకుంటూ అంటుంది. "పోనీలేమ్మా. మనిషి తిన్నాడుగా."