కబురు లేనివాళ్ల ఆకు

మా ఇంట్లో ఎప్పుడో పోయిన మనిషి ఒకావిడ ఇంకా బతికే ఉంది. మా ముత్తాతకి అక్క. తెల్లదొరల కాలంలో ఫిజీ దీవుల చెరుకు తోటలకి కూలికి వెళ్ళింది. తిరిగి రాలేదు, పోయిందన్న కబురూ రాలేదు. నూరేళ్ళు దాటినా సరే, మహాలయ అమావాస్యకి పెద్దలందరికీ ఆకులు వేసి అన్నం పెడతాం గానీ ఆమెకి మాత్రం వెయ్యం. చావు కబురు రానివాళ్ళకి ఆకు వేస్తే, ఎక్కడో బతికున్న మనిషిని చేతులారా చంపినట్టేనని మావాళ్ళ నమ్మకం. అన్నేళ్ళ ఆకలి మీదున్న మనిషి ఊరుకుంటుందా? ఆ రోజు వడ్డించేటప్పుడు పెరటి తలుపు చప్పుడైతే చాలు, మా అమ్మ గరిటె ఆపేసేది. నేను ముద్ద ఆకులో వదిలేసి తలుపు వైపే చూసేవాణ్ణి.

ఆమె తర్వాత మా ఇంట్లో అలా అయినవాడు మా అన్న. శ్రీకాకుళం జిల్లా నుంచి సౌదీకి వెల్డరుగా వచ్చాడు. కఫీల్‌తో, అంటే పనికి తెచ్చుకున్న యజమానితో, గొడవపడి, చెప్పాపెట్టకుండా పని వదిలేశాడు. ఇక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డు గడువు తీరింది, ఆ తర్వాత ఫోను మూగబోయింది. ఏడేళ్ళయింది. నేనూ సౌదీ వచ్చి జుబైల్‌లో ఫిట్టరుగా చేరింది పని కోసమేనని అందరికీ చెబుతాను. ఖతీఫ్‌లో వాణ్ణి చేపల పడవ మీద చూశామని ఎవరో అంటే, రెండు శుక్రవారాలు ఆ రేవులో ఎండలో నిలబడ్డాను. కూలీల బస్సులో ముఖానికి తువ్వాలు చుట్టుకున్న ప్రతివాడివీ నాకు మా అన్న కళ్ళే. ఒకసారి ఒకతని తువ్వాలు లాగేసి తన్నులు తినబోయాను.

రెండేళ్ళ కిందట నోరు జారాను. "అమ్మా, ఈసారి అన్నకి కూడా ఒక ఆకేసీ" అన్నాను ఫోనులో. వాడు రోజూ కలలోకి వచ్చి మంచినీళ్ళు అడుగుతున్నాడు, నేనేం చెయ్యను?

"నీ నోటితో నువ్వే సంపీసినావేటి?" అని అమ్మ ఫోను పెట్టేసింది. మూడు నెలలు నాతో మాట్లాడలేదు.

అప్పటినుంచి అన్న పగలు కూడా రావడం మొదలుపెట్టాడు. ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ పనిలో ట్యాంకులోకి దిగితే, వెనక ఎవరో నిలబడి నా పనిలో వంకలు పెడుతున్నట్టుండేది. వాడికి ఆ అలవాటుంది. నిజం చెప్పాలంటే నాకు భయం కన్నా, ఆకెయ్యమన్నందుకు సిగ్గెక్కువ.

ఈ ఏడాది మా జట్టులోకి ఫిజీ నుంచి ఒక క్రేన్ ఆపరేటరు వచ్చాడు. తాతల నాటి తెలుగు రెండు ముక్కలు వచ్చు, మిగతాదంతా హిందీ. కొత్త చోట క్రేన్ నిలిపే ముందు కప్పులోంచి కాస్త టీ నేల మీద పోసి ఏదో గొణిగేవాడు. సేఫ్టీవాళ్ళు తిట్టినా మానడు. ఎవరికని అడిగాను.

"ఈ నేల పెద్దలకి, భయ్యా. మా దేశంలో ప్రతి నేలకీ సొంత పెద్దలుంటారు. వాళ్ళనడక్కుండా పార దించకూడదు" అన్నాడు హిందీలో.

మన దేశం నుంచి వెళ్ళి అక్కడి తోటల్లో పోయిన కూలీలకి కర్మ చేసేవాళ్ళు లేక, వాళ్ళు చెరుకు గట్ల మీద ఏడుస్తూ తిరిగేవారట. చివరికి ఇతని ముత్తవ్వ నలుగురిని వెంటబెట్టుకుని అక్కడి ఫిజీ మూలవాసుల ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళింది. వాళ్ళ పద్ధతి ప్రకారమే వాళ్ళు దంచి రసం తాగే యంగోనా వేరు ముందు పెట్టి, మా దిక్కులేనివాళ్ళని మీ పెద్దల్లో కలుపుకోండని మొక్కింది. అప్పటినుంచి వాళ్ళింట్లో చెరుకు కొట్టే ముందు, గట్టు మీద చిప్పెడు యంగోనా రసం, గుప్పెడు అన్నం పెడతారు. ఎవరూ లేనివాళ్ళకి అంటారు, అంతే. ఉన్నారా పోయారా అని అడగరు.

ఆ పూట నేను అన్నం ముట్టలేదు. నూరేళ్ళుగా మేం పస్తు పెట్టిన మనిషికి, ముక్కూ మొహం తెలియనివాళ్ళు వడ్డిస్తూ వచ్చారు.

శుక్రవారం మధ్యాహ్నం అమ్మకి ఫోను చేసి అంతా చెప్పాను. అన్న ఊసెత్తే ధైర్యం లేకపోయింది.

"అయితే ఈ యేడు ఆ ఫిజీ మామ్మకి ఆకేసీద్దాం బావూ. అక్కడోలు అన్నం ఎట్టీసినాక మనకింకేటి అనుమానం?" అంది.

"అలాగేనమ్మా."

అమ్మ ఫోను పెట్టెయ్యలేదు.

"మరి ఆ సౌదీ నేలకీ పెద్దలుంటారు గదేటి? మీ అన్న ఉన్నా, నేకపోయినా... ఆకలేస్తే ఎవులో ఒకలు ముద్ద ఎడతారు గదా బావూ?"

ఏడేళ్ళలో అమ్మ నోట 'నేకపోయినా' అన్న మాట రావడం అదే మొదటిసారి.

"ఎడతారమ్మా" అన్నాను.