వాలులో తాళం

మొన్న సంతరోజు పొద్దున్నే మా మేనకోడలు ఒక కరెంటు బండిని దుకాణం ముందు తెచ్చి నిలబెట్టింది. వెనక మూటలు పెట్టుకునే మూడు చక్రాల బండి. కొనేముందు ఓసారి నడిపి చూసుకోమని అమ్మేవాళ్ళు ఇచ్చారట. పెట్రోలు ధర మోయలేక పాత వ్యాను అమ్మేసి, గుట్టలాంటి మెట్ట దాటి అవతలి ఊరి సంతకు వెళ్ళడం మానేసినప్పటి నుంచీ చీపురుపల్లిలోని మా బట్టల దుకాణానికి సగం ప్రాణం పోయింది. ఈ బండి మూటలతో ఆ సంతకు పోయి, మళ్ళీ మెట్టెక్కి తిరిగి రాగలిగితే సంత బేరం మొదలుపెడతానని, దారిలో చతికిలబడితే ఇక ఆ మాటే ఎత్తనని పిల్ల తేల్చి చెప్పింది. ఆ దారి ఎరిగినవాణ్ణి కదా అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కూర్చోబెట్టడమంటే, మూటల్లో మరో మూటలా.

బయల్దేరిన సంగతి నాకు తెలియనే లేదు, చప్పుడుంటేగా! సైలెన్సరు ఉన్న మా పాత బండ్లు ఊరంతా గోల పెట్టేవి, సైలెన్సరే లేని ఈ బండి నోరెత్తదు. పెళ్ళయినప్పటి నుంచీ మా ఇంట్లో నోరెత్తనిది నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి, ఇన్నాళ్ళకు తోడు దొరికింది.

నా చిన్నతనంలో, మీలో చాలామంది ఇళ్ళలో లాగే, మాకూ ఒక స్కూటరుండేది. నాన్నగారు ముందొక మూట, వెనకొక మూట పెట్టి, మధ్యలో ఎక్కడో నన్ను ఇరికించి సంతకు తీసుకువెళ్ళేవారు. ఆయనకు పెట్రోలు గుడిలో తీర్థంలాంటిది, చుక్క వృథా కాకూడదు. రైలు గేటు పడితే ఇంజను కట్టేసేవారు, గేటు లేచాక కూడా ముందున్న ఎడ్లబండి పక్కకు తప్పుకునేదాకా కాళ్ళతో నెట్టుకుంటూ పోయేవారే తప్ప కిక్కు కొట్టేవారు కాదు. బండి ఆగిపోతే పక్కకి ఒరగబెట్టి, అడుగున దాక్కున్న చుక్కల్ని బుజ్జగించి బయటికి రప్పించేవారు. ధర పెరిగిన కొత్తల్లో బరువు తగ్గించడానికి మెట్ట మొదట్లో నన్ను దింపేసేవారు. అలా ధరలు ఎక్కుతూ, నేను దిగుతూ పెద్దవాణ్ణయ్యాను.

మెట్ట పైకి చేరాక అసలు వేడుక. తాళం తిప్పి ఇంజను కట్టేసి, అవతలి వాలంతా గాలికి జారేవాళ్ళం. చప్పుడు లేకుండా వచ్చే బండికి మనుషులూ మేకలూ తప్పుకోరు, ఇంజను కట్టేస్తే స్కూటరు హారను మోగదు. అందుకని నాన్నగారు హ్యాండిలుకు రబ్బరు బుడ్డి హారను బిగించారు. అది వినిపిస్తే చాలు, చీరలొచ్చాయని సంతలో ఆడవాళ్ళు లేచి నిలబడేవారు. అటక మీద పడివున్న ఆ హారను మొన్న నా సంచిలో వేసుకున్నాను. ఇదీ నోరెత్తని బండే కదా!

సరే, అదే మెట్ట, అదే వాలు. నా చెయ్యి నన్నడక్కుండానే తాళం మీదికి పోయింది.

"ఓలమ్మా, తాళం తిప్పేస్తన్నావేటి మావయ్యా!" అంటూ పిల్ల నా చేతిమీద ఒక్కటేసింది. "కట్టేస్తే సార్జింగు ఎలాగొస్తాది? వాలులోనే కదా ఇది కాస్త ఎనక్కి దాసుకునేది!"

ముందున్న చిన్న తెర మీద ఛార్జింగు అంకె తగ్గడం మానేసి, మెల్లగా పెరిగింది. నాన్నగారు వాలులో ఉన్నది మిగుల్చుకునేవారు, ఈ బండి పోయినదాంట్లో కొంత తిరిగి రాబట్టుకుంటోంది. మా కుటుంబంలో అసలైన షావుకారు ఇన్నాళ్ళకు పుట్టింది.

మేకలు అడ్డొస్తే బుడ్డి హారను నొక్కాను. సంత మొదట్లో ఎండుచేపలు పరుచుకున్న ముసలమ్మ తలెత్తి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏటి, సెట్టిగోరి అబ్బాయివా? ఇన్నాళ్ళూ ఏటైపోనావు బాబూ? పెట్రోలైపోనాదేటి, సప్పుడు లేకుండా జారుకొస్తన్నావు?"

"పెట్రోలు లేదమ్మా," అన్నాను, అబద్ధమాడకుండా.

"మీ అయ్యా ఇంతే!" అని నవ్వి, మూటలోంచి తువ్వాలు లాగి అంచు తడిమి చూసుకుంది. ఆమె వెనకే మరికొందరు వచ్చారు.

తిరుగు ప్రయాణంలో మెట్టెక్కుతుంటే తెర మీద అంకె గబగబా దిగింది, పిల్ల వేగం తగ్గించింది. నాకు పాత బుద్ధే పుట్టింది.

"దిగమంటావా అమ్మా?"

"కూకో మావయ్యా. నిన్ను మొయ్యలేని బండి నాకెందుకు?"

మోసింది. మెట్ట దాటింది, ఇటు వాలులో మళ్ళీ కాస్త కూడగట్టుకుంది, రైలు గేటు దగ్గర నిశ్శబ్దంగా ఆగి, నిశ్శబ్దంగానే కదిలి దుకాణం ముందుకు చేరింది. వచ్చే సంతకు తెల్లారేసరికి తయారుగా ఉండమని పిల్ల హుకుం జారీచేసింది.

మూటలు దించుతూ అలవాటుగా ఒక చీర వాసన చూశాను. కొత్తబట్ట వాసన, అంతే. ఒకప్పుడు మా సంత చీరలన్నీ కాస్త పెట్రోలు వాసన వేసేవి, నాన్నగారి చొక్కా కూడా. ఉతికితే పోతుందని అమ్మ అంటూ ఉండేది. నిజంగానే పోయింది. మంచిదే, ఎవరూ తిరిగి రావాలని కోరుకోని వాసన. నేను మాత్రం ఇంకో చీర తీసి చూశాను.

"ఇప్పుడు కట్టెయ్ మావయ్యా," అంది మేనకోడలు.

తాళం తిప్పాను. మిగుల్చుకోవడానికి కాదు, చేరిపోయాం కనుక.