మూడో పిన్ను

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. హాస్టల్లో అమ్మాయిలు ముసుగేసుకుని గుసగుసలాడుతుంటే "ఇగ పడుకోండే" అని కసిరేదాన్ని. అలాంటి నేనే ఇది రాస్తున్నాను.

కరీంనగర్ నుంచి వచ్చి టొరంటోలో కాలేజీలో చేరాను. ఎటు చూసినా మన స్టూడెంట్లే, ఏ షాపులోనూ పార్ట్‌టైమ్ ఖాళీల్లేవు. చివరికి టొరంటో పక్కనే ఉన్న వాన్ అనే ఊళ్ళో ప్రసాద్ అంకుల్ గోడౌన్‌లో పని దొరికింది. ఆయన పాత పిన్‌బాల్ మెషీన్లు, అంటే స్టీలు గోళీని ఫ్లిప్పర్లనే చిన్న రెక్కలతో కొట్టే ఆట పెట్టెలు, బాగుచేసి అమ్ముతారు.

నా చదువు అయిపోవచ్చినప్పుడు ఆయన ఒక మెషీన్ అప్పజెప్పి, విన్నిపెగ్‌లో కూతురింటికి బయల్దేరారు. శుక్రవారం తిరిగొచ్చేసరికి అది ఆడితే ఫుల్‌టైమ్ జాబ్ లెటర్ ఇస్తానన్నారు. "ఏది ముందు, ఏది తర్వాత అన్నది నువ్వే తేల్చుకోవాలమ్మా. అదే పరీక్ష." ఆ లెటర్ రాకపోతే నేను ఇండియాకి పెట్టె సర్దుకోవాల్సిందే.

అక్కడ ఒక పద్ధతి ఉంది. ఒక్కో పనీ ఒక్కో చీటీ మీద రాసి, వరస ప్రకారం ఇనప బీరువా తలుపుకి అయస్కాంతాలతో పెట్టాలి. సోమవారం నేను శుభ్రం చేయడం, రబ్బర్లు, ఫ్లిప్పర్లు, బల్బులు అని పెట్టి, పవర్ వైరు అట్టడుగున పెట్టాను. దాని ప్లగ్గుకి మూడో పిన్ను, అదే ఎర్త్‌ది, ఎవరో కోసేశారు. నాకదో లెక్కా? సాకెట్ పై రంధ్రంలో పెన్ను దూర్చి రెండు పిన్నుల ప్లగ్గులు పెట్టిన చెయ్యి ఇది.

మంగళవారం పొద్దున వైరు చీటీ అన్నిటికంటే పైనుంది. నా పొరపాటే అనుకుని కిందికి మార్చాను. బుధవారం మళ్ళీ పైనే. గోడౌన్ తాళంచెవి ఒకటి నా దగ్గరుంది, రెండోది అంకుల్ జేబులోనే ఉందట, ఫోన్ చేసి అడిగాను. "ఏందిది నా పానానికి" అని విసుక్కుని చీటీని టేపుతో అడుగున అంటించాను.

గురువారం బల్బులు చూడాలి, అంటే ప్లగ్గు పెట్టాలి. చీటీ పైనే ఉంది. టేపు లేదు. దాని మీద మెరూన్ రంగు బొట్టుబిళ్ళ అంటించి ఉంది. నేను బిళ్ళలు పెట్టుకోను.

మొండిగా "సరే, చూస్త తల్లీ" అని పైకే అనేసి మెషీన్ పెట్టె తెరిచాను. వైరు లోపల ఒరుసుకుపోయి, కరెంటు తీగ బయటపడి ఇనప అంచుకి ఆనుకుని ఉంది. తీగకీ అంచుకీ మీటర్ పెడితే కుయ్యిమంది. ప్లగ్గు పెట్టి ఆ అంచు పట్టుకునేదాన్నే. అక్కడే కూలబడి ఏడ్చేశాను.

కొత్త వైరు, మూడు పిన్నుల ప్లగ్గు వేశాకే మిగతావి ముట్టుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం అంకుల్ మొదటి గోళీ వదిలారు. బల్బులన్నీ వెలిగాయి, గంటలు మోగాయి. చాలాసేపు ఆడి, బీరువా వైపు తిరిగి ఆగిపోయారు.

"మీ ఆంటీది" అన్నారు, బిళ్ళను వేలితో తాకి. "పనిలో చెమటకి ఊడిపోద్దని ఇక్కడే అంటించేది. నాకీ పని నేర్పింది తనేనమ్మా."

ఆంటీ నేను కెనడా రాకముందే పోయారు. ఎప్పటిదో బిళ్ళ తలుపుకి ఉండిపోయిందేమోనని ఎన్నిసార్లో సర్దిచెప్పుకున్నాను. కానీ అది ఉన్నది తలుపు మీద కాదు, సోమవారం నేను రాసిన చీటీ మీద.

లెటర్ ఆ సాయంత్రమే ఇచ్చారు. ఇప్పుడు ఏ మెషీన్ వచ్చినా వైరు చీటీ పైనే పెడతాను, దాన్ని ఇంకెవరూ కదపలేదు. జరిగిందేమిటో నాకు ఈనాటికీ తెలియదు. మొన్న ఇండియన్ స్టోర్‌లో మెరూన్ బొట్టుబిళ్ళల ప్యాకెట్ ఒకటి కొని బీరువా అరలో పెట్టాను. ఎందుకంటే మాత్రం చెప్పలేను.